బ్రోకెన్ హిల్‌లో చెయ్యూపడం

బ్రోకెన్ హిల్‌లో దిగిన మొదటి రోజు
దారిలో ఎదురైన ప్రతి ఒక్కరూ
నా వైపు చెయ్యూపారు.
ఎంత మంచి ఊరో అనుకుని
నేనూ ఊపాను, రెండు చేతులా.
పగలబడి నవ్వింది టిల్డా:
"పిచ్చిదానా, అది పలకరింపు కాదు,
ఈగలు తోలుకోవడం!"

ఈ ఊళ్లో మట్టి కారప్పొడిలా ఎర్రన.
గనిలోంచి తోడి పోసిన దిబ్బ
ఊరి నడుమ నల్లన.
మా స్కూలు బస్సు ఆగేచోట
నీడంటే కరెంటు స్తంభానిదే.
అందులో ఒకరి వెనక ఒకరం
సన్నగా నిలబడతాం.

మంగళవారం పొద్దున అక్కడ
ఒకటి చచ్చిపడి ఉంది.
తొండ కాదు, ఉడుమూ కాదు.
పైన్ కాయకు కాళ్లొచ్చినట్టుంటుంది,
తోక కూడా తలలాగే ఉంటుంది.
ఏ బండివాడో చూసుకోలేదు.
పక్కనే దాని జత.
నీలం నాలుక ఒక్కసారి చాపి
దాన్ని తాకి చూసింది.
మేమెవరం మాట్లాడలేదు.

అప్పుడొచ్చి వాలింది ఈగ.
నాకు ఒళ్లు మండింది, పుస్తకం ఎత్తాను.
"ఆగు" అన్నాడు క్లెమ్ తాత,
మా బస్సు నడిపేవాడు,
ఎడమచేతికి నాలుగే వేళ్లవాడు.
"వంగి చూడు. ముట్టుకోకు, అంతే."

చూశాను.
బూడిదరంగు ఒళ్లు.
వీపు మీద మూడు నల్లగీతలు,
స్కేలు పెట్టి కొట్టినంత తిన్నగా.
పొట్ట మీద చదరంగం గళ్లు.
ఇటుకరంగు కళ్లు.
పాదాలు మాత్రం పెద్దవి,
వాళ్ల నాన్న చెప్పులు వేసుకొచ్చినట్టు.

"మాంసపు ఈగ" అన్నాడు తాత.
"గుడ్లు పెట్టి కాచుకునే తీరిక లేదు దీనికి.
కడుపులోనే పిల్లల్ని చేసి
బతికున్న పురుగుల్నే జారవిడుస్తుంది.
ఈ ఎండకి ఆలస్యం చేస్తే
విస్తరి ఎండిపోదూ?"

"ఛీ" అంది టిల్డా.
"ఛీ" అన్నాను నేనూ.
"అనండి, పర్లేదు.
ఈ రోడ్డు పొడుగునా
కంగారూలు, కుందేళ్లు, కాకులు
చచ్చినవి చచ్చినట్టే పడుంటే
నా బస్సు ఎక్కడ నడపను?"

బుధవారం ముక్కు మూసుకున్నాను.
గురువారమూ అంతే.
శుక్రవారం తొంగి చూస్తే
తెల్లటి పిల్లపురుగులు
కుక్కర్లో అన్నంలా కుతకుతలాడుతున్నాయి.
ఆ రాత్రి నేను అన్నం తినలేదు.
ఎందుకో అమ్మకు చెప్పలేదు.

సోమవారానికి మిగిలింది
నాలుగు ఎముకలు, పొలుసుల చొక్కా.
వాసన లేదు, పురుగులూ లేవు.
"ఎటు పోయాయి?"
తాత బూటుతో నేల తట్టాడు.
"కింద. వడ్లగింజంత పెట్టెల్లో
తలుపు వేసుకుని పడుకున్నాయి."
"అన్నీ ఈగలవుతాయా?"
"ఎక్కడ! చీమలకు కొన్ని,
అదిగో, ఆ తోకూపుడు పిట్టకు కొన్ని."

జత ఎప్పుడు వెళ్లిపోయిందో
ఎవరమూ చూడలేదు.
అదే తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.
ఈగలు దానికి ఏం చేశాయి?
ఏమీ చెయ్యలేదు. అది వాటి పని కాదు.

ఒక రాత్రి వాన పడింది.
ఈ ఊళ్లో వానంటే
పెద్దవాళ్లు కూడా బయటికొచ్చి తడుస్తారు.
తర్వాత కొన్నాళ్లకి
బల్లి పడుకున్న చోట, ఆ కొలతకే,
గడ్డి చిక్కగా లేచింది.
దాని మధ్య ఒక పసుపుపచ్చ పువ్వు.
పువ్వు మీద
మూడు నల్లగీతల వీపు,
మూతికి పుప్పొడి.
అదేనో, దాని కూతురో, మనవరాలో!
తేనె తాగుతోంది, పద్ధతిగా,
కాళ్లు తుడుచుకుని మరీ.

అయినా నా లంచ్‌బాక్స్ మీద వాలితే ఊరుకోను.
ఏ పెళ్లి విందు నుంచి వచ్చిందో
నాకు తెలుసుగా.

మొన్న అమ్మ వచ్చి అడిగింది,
"ఏంటే, ఈగలు తోలుకుంటూ కూర్చున్నావా?"
"తోలట్లేదమ్మా, చూస్తున్నాను."

ఈరోజు స్తంభం నీడలో నిలబడి ఉంటే
ఒకటి నా ముఖం ముందుకొచ్చి ఆగింది.
చెయ్యి దానంతటదే లేచింది,
తోలడానికో, పలకరించడానికో
నాకూ తేలలేదు.
బస్సు హారన్ కొట్టింది.