ఇతరములు

పాత పోస్టాఫీసు వెనక, కొండ మీదికి
రెండు వందల పద్నాలుగు మెట్లు.
పోర్టులో టాలీ క్లర్కుగా ముప్పయ్యేళ్లు
బస్తాలు లెక్కపెట్టినవాణ్ణి కనక
ఎక్కిన ప్రతిసారీ లెక్కపెడతాను.
తొంభై ఆరో మెట్టు విరిగి నాలుగు వానాకాలాలు.
అక్కడే నూకరత్నం బిందెతో సహా జారిపడింది.
బిందె దొర్లుకుంటూ కింద గెడ్డ దాకా పోయింది,
దాన్ని ఎవరో తెచ్చిచ్చారు.
విరిగిన తుంటిని ఎవరూ తెచ్చివ్వలేకపోయారు.

ఆమే అంది, మంచం మీంచి:
"ఓటేస్తే ఎల్లిపోనాడు,
మరి పిలిస్తే రాడేటి?"

ఆ మాట పట్టుకుని కాగితం మొదలెట్టాను.
ఠావు కాగితం, ఎడమ పక్క మార్జిను.
"అయ్యా, దిగువ సంతకాలు చేసిన వార్డు ప్రజలము
మా కార్పొరేటరును వెనక్కి పిలుచుకొనుచున్నాము."
చినదేముడు చదివి,
"తొలగించాలి అని రాయండి గుమాస్తాగారూ,
పిలవడమేటి, పేరంటమా?" అన్నాడు.
కొట్టేసి అలాగే రాశాను.
మళ్లీ దాన్నీ కొట్టేసి మొదటిదే రాశాను.
రుషికొండ వైపు ఏడో అంతస్తుకి
లిఫ్టులో ఎక్కుతున్నవాణ్ణి
ఈ మెట్ల దగ్గరికి పిలవడమే కదా
మేం అడిగేది.

సంతకాలకి బయల్దేరాం.
ఒకింట్లో టీ ఇచ్చారు, సంతకం ఇవ్వలేదు,
కొడుక్కి కార్పొరేషన్లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం.
ఒకింట్లో పెట్టి, తెల్లారి వచ్చి కొట్టేయమన్నారు.
కొట్టేశాను. టాలీలో తప్పు ఉండకూడదు.
కరీముల్లా ఉర్దూలో పెట్టాడు,
ఆయన భార్య తెలుగులో, మొదటిసారి, పూర్తి పేరు.
పై వరస ఇళ్లకి చేరేసరికి ఇంకు ప్యాడ్ ఎండిపోయింది.
బోడమ్మ నవ్వి
కిటికీ రెక్క మీద బొటనవేలు రాసింది.
పోర్టు బొగ్గు. పొద్దున తుడిచిందే, మధ్యాహ్నానికి మళ్లీ.
అంత నల్లటి వేలిముద్ర
నా సర్వీసులో చూడలేదు.

ఆరు వందల ముప్పై ఎనిమిది.
మొదటిది నాది.

ఇది చెప్పాలి:
అతని నామినేషను కాగితం మీద
ప్రతిపాదించినవాడి సంతకమూ నాదే.
ఆ రోజు పెన్ను కూడా నాదే.
తిరిగివ్వలేదు.

సోమవారం, జోనల్ ఆఫీసు, అర్జీల వరస.
కుర్రాడు మర్యాదస్తుడే, కళ్లజోడు పైకి తోసుకుని
కాగితాలన్నీ తిరగేశాడు.
"ఇలాంటి సెక్షను మన దగ్గర లేదండీ.
కొన్ని రాష్ట్రాల్లో ఉందట.
ఎన్నుకోడానికి ఫారం ఉంది,
వెనక్కి పిలవడానికి లేదు."
"లేదని రాసివ్వండి" అన్నాను.
"లేనిదాన్ని ఎలా రాస్తామండీ?"
కంప్యూటరు వైపు తిరిగి,
"ఏ హెడ్డు కింద ఎక్కించమంటారు?
మంచినీళ్లా, వీధి దీపాలా, కుక్కలా?"
వెనక ఎవరో దగ్గారు.
అతనే ఒకటి వెతికి నొక్కాడు: ఇతరములు.
ఆరు వందల ముప్పై ఎనిమిది మందికి
ఒక రసీదు, ఒక నంబరు.

తిరిగొస్తూ తొంభై ఆరు దగ్గర ఆగి
రాయి ఒకటి సర్ది చూశాను. నిలవలేదు.
దూరంగా డాల్ఫిన్ నోస్ పక్కనించి
ఓడొకటి హార్బర్లోకి వస్తోంది.
అంత ఓడకీ తాడేసి
చిన్న టగ్గు బోటు
లాక్కొస్తోంది.

రాత్రి తొమ్మిదికి తలుపు తట్టింది ఎస్తేరు,
కేజీహెచ్‌లో డ్యూటీ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని.
"నా సంతకం పడలేదు బాబాయ్."
"ఇచ్చేశామమ్మా. అలాంటి చట్టమే లేదన్నారు."
"మరో కాగితం లేదేటి?" అంది.

ఉంది.
మార్జిను గీసి
ఆరు వందల ముప్పై తొమ్మిది అని వేశాను.
సంతకం పెట్టి
పెన్ను తిరిగిచ్చింది.