కొలతల పుస్తకం

పుల్-ఎ-ఖుమ్రీ బజారులో సిమెంటు దుమ్ము పడని వస్తువు లేదు.
నా కుట్టుమిషను మీది సీతాకోకచిలుక కూడా
ఎర్ర రంగు పోయి బూడిదగా వాలి ఉంటుంది.
నాన్న కొన్నాడు దాన్ని, బట్టల మిల్లు నడిచే రోజుల్లో.

సైన్యం ఇచ్చే యూనిఫాం ఎవరికీ సరిపోదు.
ఎక్కడో దూరదేశంలో, పెద్ద ఒళ్ల మనుషుల లెక్కన కుట్టిందది.
కొత్తగా చేరిన పిల్లలు గోనెసంచుల్లో దూరినట్టు వచ్చి
"ఖలీఫా, కొంచెం లోపలికి పట్టు" అనేవాళ్లు.
నడుము నాలుగు వేళ్లు, చేతులు మూడు.
పట్టేవాణ్ణి. పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

తోర్యాలై, ఛాతీ ముప్పై అయిదు.
సర్‌బులంద్, ముప్పై నాలుగు, కుడి భుజం కొంచెం దిగుడు.
నహ్రీన్ కుర్రాడు ఖుదాయ్‌నజర్ చక్కిలిగిలికి మెలికలు తిరిగి
టేపు రెండుసార్లు జార్చాడు.
వాడికి కొలత లేదు, సుమారుగా కుట్టాను.

మొదట్లో బాకీ పెట్టేవాళ్లు కాదు.
తర్వాత జీతం మూడు నెలలు రాలేదన్నారు, తర్వాత ఆరు.
దంద్-ఎ-ఘోరీ దారి చివర ఔట్‌పోస్టులో
పొద్దున బంగాళాదుంప, రాత్రికి అదే బంగాళాదుంప, అదీ సగం.
కాగితం మీద నలభైమంది, మోర్చాలో పద్నాలుగు మంది.
తక్కిన ఇరవయ్యారుగురూ కల్నల్ గారి కొత్త ఇంటి గోడల్లో
ఇటుకలై ఉన్నారని తోర్యాలై నవ్వుతూ చెప్పాడు.
ఆ నవ్వు నాకు నచ్చలేదు. టీ పోశాను.

ఔట్‌పోస్టు పడ్డ రాత్రి కాబూల్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నారట.
"వస్తోంది, హెలికాప్టర్ వస్తోంది" అంది ఫోను.
తెల్లారాక వచ్చింది ఒక ట్రాక్టరు,
దాంతో తెల్లగడ్డాల పెద్దలు ముగ్గురు, మోసుకురావడానికి.

నా గోడకి కొక్కేలు పదకొండు.
కుట్టి, ఇస్త్రీ చేసి, తీసుకెళ్లేవాళ్లు లేక
పదకొండు జతలు వేలాడేవి.
తలుపు తీస్తే గాలికి అన్నీ ఒకేసారి అటు తిరిగేవి.
కవాతు అన్నాడు నా శిష్యుడు. చెవి మెలేశాను.

పుచ్చకాయలు బండ్లకెక్కే నెలలో ఊరికి ఊరే పడింది.
ఒక మధ్యాహ్నం తుపాకులు మోగాయి,
సాయంత్రానికి ఆగాయి, అంతే.
చీకటి పడ్డాక వెనక తలుపు తట్టారు,
ఒకడు, తర్వాత ఇద్దరు, తర్వాత లెక్క తప్పింది.
"ఖలీఫా, పాత పెరాహన్ ఏదైనా. ఏదైనా సరే."
బేరానికి పెట్టిన చొక్కాలు, పోయిన నా తమ్ముడి బట్టలు,
చివరికి నా ఈద్ జత.
కొన్ని పొట్టి, కొన్ని వదులు. సరిచేయమని ఒక్కడూ అడగలేదు.
బనీన్లతో వరసగా నిలబడితే
ఎంత చిన్నవాళ్లో అప్పుడు తెలిసింది, కొలిచిన నాకే.
చెప్పులు రెండు జతలే ఉన్నాయి ఇంట్లో.
మిగతావాళ్లు బూట్లు నా గుమ్మంలో వదిలి
ఉత్తికాళ్లతో అందరబ్ దారి పట్టారు.

రాత్రంతా దీపం తగ్గించి, ఛాతీల మీది పేర్లు విప్పాను.
అన్ని పేర్ల దారమూ కలిపి ఒక అగ్గిపెట్టెలో పట్టింది.
ముప్పై ఏళ్ల కిందట ఇదే బల్ల దగ్గర
రష్యా వాళ్లిచ్చిన కోట్లకి నాన్న అక్రోటు తొక్కల రంగు వేస్తుంటే
కాగు కలియబెట్టింది నేనే. నెల్లాళ్లు చేతులు నల్లగా ఉన్నాయి.
ఆయన అన్నది ఒకటే మాట:
"గుడ్డ మంచిది, పారేయకు."

కొత్తవాళ్లు వారం తిరక్కుండా వచ్చారు.
జుట్టు పొడుగు, మాట తక్కువ, భుజాన అవే తుపాకులు.
"కొంచెం లోపలికి పట్టు" అన్నారు.
పట్టాను. ఇంకో పుస్తకం తెరిచాను.

చలి మొదలయ్యాక ఒక తల్లి వచ్చింది నహ్రీన్ నుంచి.
కొడుకు పేరు చెప్పింది. పాత పుస్తకం తీశాను.
పేరుంది, పక్కన అంకెలు లేవు.
"నీ దగ్గరికి వచ్చినప్పుడు ఎంత పొడుగున్నాడు?" అని అడిగింది.
ఏం చెప్పను? దుకాణం మధ్యలో నిలబడి
గాలిలో చెయ్యి పెట్టాను, నా చెవి ఎత్తున.
ఆమె నా చెయ్యి పట్టుకుని
రెండు వేళ్లు పైకి జరిపింది.