ఈనె

తుపాను పోయిన నాలుగోనాడు
మూసీలో మోకాటి లోతే నీళ్ళు.
నిలబెట్టి ముంచడానికి చాలక
అయ్యగారు మా ఇంటాయన్ని ఇసక మీద వెల్లకిలా పడుకోబెట్టి
నుదురు అదిమిపట్టి
ఏటినే పైనుంచి పోనిచ్చాడు.
లేచేసరికి చెవినిండా ఇసక, మీసానికి నాచు.
మాలకొండయ్య పోయాడు, ఒనేసిము వచ్చాడన్నారు.
ఆ పేరుకి పనికొచ్చేవాడని అర్థమట.
మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

నేను నవ్వలేదు.
పదకొండేళ్ళు మోకాళ్ళ మీద అడిగింది నేనే.
తీరా ఇచ్చిన రోజున
గట్టున నిలబడి తుండుగుడ్డ అందించాను,
చేయి తగలకుండా.

బేళ్ళ మధ్యలో నీళ్ళు చల్లి తూకం పెంచిన సంగతి
టంగుటూరు పోయి కొన్నవాడికే చెప్పొచ్చాడు.
వాడు బిత్తరపోయి, టీ తాగించి పంపాడట.
ఆరేళ్ళ కిందట ఎత్తుకొచ్చిన పానా
తుడిచి, నూనె రాసి
ఆసామి ట్రాక్టరు సీటు మీద పెట్టొచ్చాడు.
సారా కొట్టున్న బాట మాని
చేలగట్ల మీద చుట్టూ తిరిగి ఇంటికొచ్చేవాడు,
అరికాళ్ళ నిండా పల్లేరుకాయలు.
ఒక రాత్రి అవి పీక్కుంటూ
నా కనుబొమ మీది గాటు వంక చూసి
ఏదో అనబోయి, దీపం తగ్గించాడు.

తెల్లారి అన్నాడు. క్షమించమన్నాడు.
నేను బియ్యంలో రాళ్ళేరుతున్నాను.
ఏరుతూనే ఉన్నాను.

దేవుడికేం, ఒక్క మునకలో తేల్చేశాడు!
గాజు పెంకులు ఆయన ఒంట్లో దిగాయా,
కుట్లు పడ్డాయా? అని పైకే అడిగాను.
అడిగాక గుర్తొచ్చింది,
చేతులు, కాళ్ళు, పక్క.
చేట కింద పెట్టి చాలాసేపు అక్కడే కూచున్నాను.
అయినా నోరు రాలేదు.

మాది కౌలు చేను, అద్దె బ్యారనీ.
ఆకు అల్లడం నాది, మంట కాపలా అతనిది.
మొదటి రెండ్రోజులూ మంట ఎగదోయకూడదు.
కర్రకి వేలాడుతూ ఆకు
తనంతట తానే పసుపు తిరగాలి.
తొందరపడ్డావా,
పచ్చదనం అక్కడే బిగుసుకుపోతుంది,
ఇక ఏ వేడీ దాన్ని కదపలేదు.
రంగొచ్చాక రేకు ఎండుతుంది.
రేకు గలగలమన్నా నడుమ ఈనె పచ్చిగానే ఉంటుంది.
అది విరిచి చూడందే ఎవరూ బ్యారనీ దించరు.

రెండో ఏడు అయ్యగారు పొయ్యి దగ్గరికే వచ్చి
"ఏమ్మా, ఇంకా మనసులో ఉందా?" అన్నాడు.
"రేకు ఎండిందయ్యగారూ, ఈనె పచ్చిగా ఉంది."
ఒంగోల్లో పుట్టి పెరిగిన మనిషి,
తల గోక్కుంటూ ప్రార్థన చేసి వెళ్ళాడు.
మూలన కూచున్నవాడికి మాత్రం అర్థమైంది.
మాట్లాడకుండా ఒక్క కట్టె,
సన్నది చూసి, వేశాడు.

మూడో పంట. ఆఖరి కోత ఆకు, అయిదో రాత్రి.
నేను అన్నం తెచ్చేసరికి
గోడకి చేరగిలబడి కునుకుతున్నాడు.
ఎప్పుడు నెరిసిందో ఆ గడ్డం.
ఆ చేతులు ఒళ్ళో తెరుచుకుని ఉన్నాయి,
పొయ్యి సెగకి బొబ్బలెక్కి,
ఏమీ పట్టుకోకుండా.
నాకు ఏ వెలుగూ కనబడలేదు, ఏ స్వరమూ వినబడలేదు.
తలుపు తీసి చేతికందిన ఆకు ఒకటి దూసి
ఈనె వంచాను.
టప్‌మంది.

పద్నాలుగో ఏట మునిగినదాన్ని నేను, మా ఊరి చెరువులో,
తెల్ల ఓణీ వేసుకుని.
నీళ్ళు తలకెక్కింది మాత్రం ఆ రాత్రే.

మొగుడి పేరు నోటితో అనే అలవాటు నాకు లేదు.
అందుకని అర్థమే పిలిచాను:
"ఓ పనికొచ్చేవాడా, లే. అన్నం చల్లారిపోతోంది."
ఉలిక్కిపడి ముందు మంట వైపు చూశాడు,
తర్వాత నా వైపు.