విదిలించని జ్వరం

పెద్దాసుపత్రి స్టోరు రూము, మూడో బీరువా, కింది అర.
అట్టపెట్టెలో దూది, దూదిలో పన్నెండు గాజుపుల్లలు.
పాదరసం ఇక వద్దని ఆర్డరొచ్చింది.
లెక్క రాసి, మూత బిగించి
సోమవారం వ్యానుకి అప్పజెప్పాలి.

పదకొండు దులిపి ఉన్నాయి.
పన్నెండోది
నూట మూడు పాయింటు నాలుగు దగ్గర నిలబడి ఉంది.

ఎవరి జ్వరమో.

ముప్పై ఏళ్లు వీటి నిజం తేల్చడమే నా ఉద్యోగం.
ల్యాబు థర్మామీటర్లకి సున్నా కావాలంటే
సైకిలేసుకుని ఫిషింగ్ హార్బరుకి దిగేవాణ్ణి.
ఐసు ఫ్యాక్టరీలో గనగళ్ల తాతారావు
వంజరాల బుట్టలకి కొట్టిన పొడిలోంచి కాక
దిమ్మ నడుమ నుంచి చెక్కి ఇచ్చేవాడు.
"ఉప్పు తగల్లేదు బాబూ, నీ సున్నాకేటీ అవ్వదు."

నూరు మాత్రం మా ఊళ్లో సులువు.
సముద్రం గుమ్మంలోనే ఉంది గనక
నీళ్లు చెప్పిన మాటకి మరుగుతాయి.
ఒకసారి అరకులో తొంభై ఏడుకే గిన్నె కుతకుతలాడితే
థర్మామీటర్ని తిట్టాను.
తప్పు కొండది.

"నీళ్లే పోసీవొచ్చు గదా లోపల, చవగ్గా?" అనడిగాడు తాతారావు.
నీళ్లు నాలుగు డిగ్రీల దాకా ముడుచుకుంటూ వచ్చి
అక్కణ్ణించి చల్లబడే కొద్దీ ఉబ్బుతాయి, అన్నాను.
ఒకే గీత మీద రెండు మాటలు.
అలాంటి సాక్షి పనికిరాదు.

ఎర్రగా కనిపించేది రంగు కలిపిన స్పిరిట్.
ఎంత చలికైనా గడ్డకట్టదు, పాదరసం గడ్డకట్టే చోట కూడా.
కానీ డెబ్భై ఎనిమిదికే మరుగుపడుతుంది,
దిగేటప్పుడు గాజుని పట్టుకుని వేలాడుతుంది.
పాదరసం అలా కాదు. బోర్లించిన మూకుడులా
తల గుండ్రం చేసుకుని
గోడని తాకీ తాకనట్టు పోతుంది.

ఒకటి చెప్పాలి, ఎవరూ నమ్మరు.
వేడినీళ్లలో ముంచిన మొదటి క్షణం
గీత పైకి పోదు. వెంట్రుకవాసి దిగుతుంది.
వేడి ముందు గాజుకి తగులుతుంది,
గాజు ఒళ్లు విరుచుకుంటే లోపలి గది పెద్దదవుతుంది,
అప్పుడు గానీ రసానికి కబురందదు.
గాజు పెరిగేది కాస్త, రసం పెరిగేది ఇంకాస్త.
ఆ తేడానే మనం చదివేది.
రెండూ సమానంగా పెరిగితే
ఒళ్లు కాలిపోతున్నా గీత కదలదు.

వార్డు పుల్లలకి ఈ సున్నాలూ నూర్లూ తెలియవు.
తొంభై నాలుగు నుంచి నూట ఎనిమిది, అంతే వాటి ఊరు.
బుడ్డికి పైన సన్నటి నొక్కు.
ఎక్కేటప్పుడు రసం తోసుకుని పోతుంది,
చల్లబడేటప్పుడు అక్కడే తెగిపోతుంది.
పైనున్నది పైనే.
నోట్లోంచి తీసి, కిటికీ వెలుగులోకి నడిచి,
చార్టులో రాసే దాకా
జ్వరం జారిపోకుండా
ఎవరో గాజు పనివాడు వేసిన గడియ.

రూతమ్మ సిస్టరు మణికట్టు నాకు గుర్తు.
మూడు విదిలింపులు, నాలుగోది ఉండేది కాదు.
దులపనిది పెట్టెలో పెట్టే మనిషి కాదు.
మరి ఇది?
కరెంటు పోయిన తుఫాను రాత్రా?
మంచం దగ్గర్నుంచి ఎవరైనా కేకేశారా,
చేతిలోది దూదిలో గుచ్చి పరిగెత్తిందా?
అడుగుదామంటే ఆవిడ లేదు.
ఆ పక్క మంచాల రిజిస్టర్లు చెదలు తిన్నాయి.

ఇన్ని మే నెలలు, ఈ రేకుల గది ఉక్క
దాన్ని ఒక్క గీత జరపలేకపోయాయి.
తలుపు దగ్గరికి వేసి చంకలో పెట్టుకున్నాను,
ఐదు నిమిషాలు, చిన్నపిల్లాడిలా.
నా వేడి దానికి చాలలేదు.

రిజిస్టరు తెరిచాను.
స్థితి అన్న గడిలో పదకొండుసార్లు 'బాగున్నది' అని రాశాను.
పన్నెండో వరసలో
పెన్ను ఆగిపోయింది, సిరా దిగలేదు.

విదిలించాను.
పెన్నుని.