మందు పెట్టిన చోటు

చీమకుర్తిలో ఇరవై రెండేళ్ళు
రాయికి మందు పెట్టాను.
కంప్రెసర్ మోతలో నా గొంతు పోయింది,
చెవిలో ఇప్పటికీ ఒక ఈల.
కొండంతా చల్లితే ఏం లాభం,
మూరెడు బెజ్జంలో చారెడు చాలు:
మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం.
ఎక్కువైతే గెలాక్సీ రాయి లోలోపల బీటలిస్తుంది,
చుక్కలన్నీ ఉంటాయి, ధర ఉండదు.

ఆ రాయే ఒకరోజు గొలుసు తెంపుకొని
నా ఎడమ కాలి మీద కూర్చుంది.

మొదట నాటు కట్టు. కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు.
తర్వాత ఒంగోలులో రాడ్డు.
పద్నాలుగు నెలలు.
ఎక్స్-రేలో ఆ సందు
ఎండిన గుండ్లకమ్మలా అలాగే ఉంది.
ఇవతలి గట్టు అవతలి గట్టును పలకరించదు.

డాక్టరమ్మ సుగుణరాణి కుర్చీ దగ్గరికి లాక్కుంది.
"మాలకొండయ్యా, నీ తొంటి ఎముక కొంచెం గోకి తీసి
కాల్లో ఆ సందు నింపుతాను.
కానీ ఒంట్లో ఎముకను కట్టేవాళ్ళూ ఉంటారు, తినేవాళ్ళూ ఉంటారు.
కట్టేవాళ్ళు పనిలోకి దిగేలోపే
తినేవాళ్ళొచ్చి పెట్టిందంతా తినేసి పోతారు.
అందుకని ఆ తునకల్ని మందులో నానబెట్టి పెడదామని.
మాత్ర మింగితే అది ఒళ్ళంతా తిరిగి
కాలి దగ్గరికొచ్చేసరికి ఏం మిగులుతుంది?
అక్కడికి అక్కడే పెడతాను. కొంచెమే.
ఎక్కువైతే కట్టేవాళ్ళు కూడా చస్తారు."

నాకు నవ్వొచ్చింది.
నా పని నాకే చెబుతోంది.

"ఇంకా పరీక్షలో ఉన్న పద్ధతి ఇది,
పనిచెయ్యకపోనూవచ్చు. చదివి సంతకం పెట్టు."
నాలుగు పేజీలు. కాలేషా చదివి వినిపించాడు,
మూడువేళ్ళ చేత్తో కాగితాలు తిప్పుతూ.
"నీకు ఎముక మొలిపించే మందుంటే
నాకు వేళ్ళు మొలిపించేది ఉందేమో అడుగు" అన్నాడు.
అడగలేదు. ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది.

మందు అనే మాటతోనే నా బతుకంతా గడిచింది.
పొగాకు చేలో పొద్దున మా నాయన కొట్టింది ఒక మందు,
సాయంత్రం కొట్టింది ఇంకో మందు.
పురుగును చంపేదానికీ, దిగులు మరిపించేదానికీ,
కొండను చీల్చేదానికీ, ఎముకను అతికించేదానికీ
ఒకే మాట పెట్టినవాడు
పిసినారో, అన్నీ తెలిసినవాడో.

నడుం కింద తిమ్మిరి. మెలకువగానే ఉన్నాను.
ఆకుపచ్చ గుడ్డకి అవతల
స్టీలు గిన్నెలో చెంచా చప్పుడు.
వక్కలు నలగ్గొట్టినట్టు నా ఎముకనే నలగ్గొడుతున్నారు.
డ్రిల్లు వేడెక్కితే వచ్చే రాయి వాసన నాకు తెలుసు,
ఇది కాలిన కొమ్ము వాసన.
చెవులు రిక్కించాను.
"పొయ్యి. ఇంకొంచెం. చాలు."
ఆ 'చాలు' విన్నాక భయం పోయింది.
మందు పెట్టేవాళ్ళకి రావలసిన మాట అదొక్కటే.

వత్తి ముట్టించి పరిగెత్తే అలవాటున్నవాణ్ణి.
ఇక్కడ పరుగు లేదు.
మంచం మీద పడుకొని, పేలనిదాని కోసం
నెలల తరబడి ఎదురుచూడటం.
కాలు పెద్దగా నొప్పి లేదు, తొంటే సలుపుతోంది.
పుచ్చుకున్నచోటు నిద్రపోతుంది,
ఇచ్చినచోటికి రాత్రంతా జాగారం.

నాలుగో నెల.
ఫిల్మును కిటికీకి పట్టి చూపించింది డాక్టరమ్మ.
సందులో తెల్లగా ఏదో పొగ.
"ఎముకేనా అమ్మా?"
"అవుతోంది. ఇంకా మెత్తన. బరువు వెయ్యొద్దు."
ఇన్నేళ్ళూ మందు పెట్టినచోట పొగ లేచిందంటే
అక్కడేదో రెండైందని లెక్క.

ఫిల్ము చంకలో పెట్టుకొని, కర్ర పోటేసుకుంటూ
చీమకుర్తి బస్సెక్కాను.
సంతనూతలపాడు దాటాక
క్వారీల వైపు దుమ్ము లేచింది.
తెలియకుండానే రెండు చేతుల్తో
నా కాలు గట్టిగా పట్టుకున్నాను.