యాభై తొమ్మిది

ఆదివారం పొద్దున ఏడున్నరకి
కావలి స్టేషన్లో నాలుగు టికెట్లు.
"బిట్రగుంటకా? ఏముందమ్మా ఆడ?"
కౌంటర్లో కొత్తగా వచ్చినతను.
చిల్లర కొంగున ముడేసుకుంటా నవ్వేస్తాను.
ఏముందో చెప్పాలంటే
పదకొండేళ్లు చెప్పాలి.

తుమ్మలపెంట సముద్రం కాడ మొదలుపెట్టాలి.
తడి ఇసక అరికాలికి తగిలీ తగలకముందే
నిప్పు తొక్కినట్టు అరిచింది మా చెంచులక్ష్మి.
నాయన భుజమెక్కింది, దిగలేదు.
సరుగుడు తోపులో ఆ మనిషి
మధ్యాన్నం దాకా అట్నే నిలబడి మోశాడు.
కోటిగాడొక్కడే అలల్ని తరుముకున్నాడు,
ఎవురూ చూడకుండా.

హోటల్ సంగతి.
కారందోశ బల్ల మీదికి వచ్చింది,
వంటింట్లో యాడో మిక్సీ తిరిగింది.
మాకు వినపళ్లేదు.
బిడ్డ బల్ల కింద ముడుచుకుని తల నేలకేసి కొట్టుకుంటంటే
పక్కన కాఫీ తాగే పెద్దావిడ అంది:
"రెండు తగిలిస్తే దారికొస్తది."
తగిలించినవాళ్లమే మేమూ,
ఒకప్పుడు.
తెలీక అని చెప్పుకుంటాం గానీ
ఆ చెయ్యి నాదే.

పెళ్లి కార్డు మీద
సకుటుంబ సపరివార సమేతంగా అని అచ్చేయించి,
బొట్టు పెట్టి, గడప దాటి,
చెప్పులేసుకుంటా గొంతు తగ్గించింది మా ఆడబిడ్డ:
"పిల్లనెవురి దగ్గరన్నా వదిలి రాండొదినా,
బ్యాండు మేళం ఉంటది, దానికే ఇబ్బంది."
దానికే.

బిట్రగుంటని మేం వెతుక్కోలా.
నెల్లూరు ఆస్పత్రికి పోతా ఉంటే
ఎక్స్‌ప్రెస్సుకి దారిస్తా పాసింజరు ఆగింది.
చెయ్యి విడిపించుకుని దిగేసింది చెంచు.
వెనకాల మేం, సంచులు, ఫైళ్లు, కోటిగాడి ఒంటి చెప్పు.

అవతలి లైన్లో బొగ్గు బండి కదులుతుండాది.
నేలంతా వణుకుతుండాది.
పిల్ల నిలబడింది.
చెవుల మీద చేతుల్లేవు.

మిక్సీకి తల కొట్టుకునే పిల్ల
ఇంత మోతలో ఎట్టా నిలబడిందని
ఇంటికొచ్చాక కూడా మేం మాట్లాడుకుంటంటే
తొమ్మిదేళ్ల కోటిగాడు పుస్తకంలోంచి తలెత్తలేదు:
"మిక్సీ చెప్పకుండా వస్తది మా.
బండి చెప్పి వస్తది."

ఆ రోజు మా పాసింజరు వెళ్లిపోయింది.
డాక్టరు టోకెనూ పోయింది.

అప్పట్నించి ఆదివారాలు ఇక్కడ.
మూడో సిమెంటు బెంచీ, అదే.
ఎవురన్నా కూర్చునుంటే లేచేదాకా నిలబడతాం.
క్యారియర్లో పెరుగన్నం ఒక గిన్నె,
ఉర్లగడ్డ ఇంకో గిన్నె,
ఒకదానికొకటి తగలకూడదు.
పాయింట్స్‌మన్ ఖాదర్ బాషా దూరాన్నించే కేకేస్తాడు:
"పాపా, ఖాళీ రేకు! పోర్టుకి!"
ఆయన మొఖం చూడదు.
పోతా పోతా జెండా కర్ర కొసని ఒక్క వేలితో తాకుతుంది.
దానికందాలని ఆయన
జెండాని జానెడు కిందికి పట్టుకుంటాడు.
ఆ సంగతి మేం ఎప్పుడూ ఎత్తలేదు,
ఆయనా ఎత్తలేదు.

"పిల్లకి మాటలు రావా?" అడుగుతారు ఎవరో ఒకరు.
వస్తాయి. అంకెలొస్తాయి.

బండి దాటిపోతుంది.
"యాభై తొమ్మిది" అంటుంది చెంచు.
యాభై ఎనిమిదే, నేను లెక్కపెట్టాను.
టేపు మెళ్లో తీయని టైలరు,
అంగుళంలో పావు తప్పని మనిషి, ఆయనా లెక్కపెట్టాడు.
"యాభై ఎనిమిదమ్మా" అని దిద్దబోతే
మణికట్టు కొరుక్కుంది.
పళ్ల గాట్లు నాలుగు రోజులున్నాయి.
దిద్దడం మానేశాం.
పోనీలే, ఒకటి ఎక్కువ.

పోయిన నెల కోటిగాడు ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు:
"అమా, చివర గార్డు పెట్టె!
దాన్ని మనం లెక్కెయ్యడంలే."

చూశాను.
అన్ని బొగ్గు పెట్టెల వెనక
అంత చిన్న పెట్టె, ఊగుతా,
అందులో ఒక్క మనిషి.

పెళ్లి ఈ పూటే.
ఈపాటికి తలంబ్రాలు పోస్తుంటారు.
కార్డు బీరువాలో పట్టుచీర కింద ఉంది.

సిగ్నల్ పడింది.
చెంచు బెంచీ దిగి గీత వెనక నిలబడింది.
నేనూ పక్కన నిలబడ్డాను, తగలకుండా.
ఇంజన్ని మాత్రం ఎప్పుడూ లెక్కెయ్యదు.
ఎందుకో ఇంకా తెలీలేదు.
ఒకటి.