సందు

ఇక్కడ గాలి పడమటినుంచి వస్తుంది, పగలంతా వస్తూనే ఉంటుంది.
మూడు రోజులుగా బండిని కుడికి వాల్చి
తిన్నగా పోతున్నాను.
కంకర రోడ్డు. ఇటూ అటూ ముళ్ళపొదలు.
కంచె దాటబోయిన గ్వనాకో ఒకటి
మెడ చాచి నన్ను చూసి
ఎందుకో మనసు మార్చుకుంది.

రొసారియోలో బయల్దేరిన పూట
ఇంజను నెత్తిన టకటకమని చప్పుడు,
పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు.
ఐదువేల కిలోమీటర్లకి అది సన్నగిల్లింది.
దారికి అలవాటు పడింది, నెమ్మదించింది,
నిండుకుండ తొణకదు కదా అనుకుని
ట్యాంకు మీద తట్టాను కూడా,
బుద్ధిమంతుడైన పిల్లాణ్ణి తట్టినట్టు.

నేలిదా కుర్రుమిల్ తట్టలేదు.
రేకుల షెడ్డులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి
పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి,
పిడి తన చెవికి ఆనించి
కళ్ళు మూసుకుంది.

"ఎప్పట్నించి నోరు మూసుకుంది?"
"నోరు మూసుకోవడమేం, మెత్తబడింది."
"అదే అడుగుతున్నా."

చప్పుడు చేసే వాల్వుతో ఏ బాధా లేదట.
అరుస్తుంది, బతుకుతుంది.
సందు పూడిపోయిన వాల్వే
కిక్కురుమనకుండా
లోపల్లోపల కాలిపోతుందట.
ఇప్పుడే విప్పి చూడమన్నాను.
"వేడి మీద ఏ కొలతా నిజం చెప్పదు.
రాత్రి చల్లారనీ."

రాత్రి పొయ్యి, మాతే, పైన రేకుల మీద గాలి.
ఒకే సొరకాయ బుర్ర, ఒకే గొట్టం,
నా వంతు, తన వంతు.
అన్న ఎవరిస్తోతో కలిసి నడిపేదట ఈ షెడ్డు.
"ఉప్పు దగ్గర్నించి ఎన్నికల దాకా
వాడు పోట్లాడని సంగతి లేదు.
ఒక చలికాలం మానేశాడు.
ఇంట్లో ఇన్నాళ్ళకి శాంతి అని
నేను కొవ్వొత్తి వెలిగించాను."
అక్కడ ఆగి కెటిల్ కోసం లేచింది.
తర్వాత సంగతి ఆమె చెప్పలేదు.
మేకుకి వేలాడుతున్న రెండో ఏప్రాను,
జేబులో ఇంకా పెన్సిలున్నది,
దాని గురించి నేనూ అడగలేదు.

తెల్లారేసరికి సీటు మీద మంచు పొర.
మూత విప్పి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పి,
పిస్టను పైకొచ్చే చోట ఆపి
ఫీలర్ గేజిలో పల్చటి రేకు నా చేతికిచ్చింది.
దూరలేదు.
అంతకంటే పల్చటిది. అదీ దూరలేదు.

పళ్ళసెట్లు చేసి బతికేవాణ్ణి నేను.
"కరిచి చూడండి, ఎక్కడైనా ఎత్తుందా?"
ముప్పయ్యేళ్ళుగా రోజూ అడిగే మాట.
వెంట్రుకంత ఎత్తుకి దవడ రాత్రంతా నిద్రపోదని తెలుసు.
ఇన్ని వేల కిలోమీటర్లు
నా తొడల మధ్య ఒకటి గొంతు నొక్కుకుంటుంటే
తెలియలేదు.

"ఎంత వదలాలి?"
"రేకు ఊరికే జారిపోకూడదు, ఇరుక్కోకూడదు.
తడి చొక్కాలో చెయ్యి దూర్చినట్టుండాలి."
స్క్రూ పావు మలుపు. నట్టు బిగింపు.
బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగింది.
మళ్ళీ మొదటికి. నాలుగోసారికి కుదిరింది.

స్టార్టు చేశాను.
టకటక. టకటక.
నా కుట్టుమిషను తిరిగొచ్చింది.
నేలిదా నవ్వలేదు. డబ్బు లెక్కపెట్టుకుంది,
రాత్రి కాల్చిన కట్టెలకి వేరుగా.

తొంభై మైళ్ళు పోయాక పెట్రోలు బంకు,
గోడ వెనక గాలి తగలని చోట
ఫోనుకి రెండు గీతల సిగ్నలు.
ఈ ప్రయాణం వద్దని మిర్తా
రెండేళ్ళు నాతో పోట్లాడింది.
మూడో ఏడు "సరే, వెళ్ళిరా" అంది.
ఎంత సంతోషించానో అప్పుడు,
ఆ సాయంత్రమే కొత్త టైర్లు కొన్నాను.

నాలుగు మోతలకి ఎత్తింది. ఏమీ అనలేదు.
నేనూ తొందరపడలేదు.
హెల్మెట్ తీసి, ఫోనుని
ఆ స్క్రూడ్రైవర్ పిడిలా
చెవికి గట్టిగా ఆనించి
కళ్ళు మూసుకున్నాను.